మెట్ల మీద ఆగిన రైఫిల్

(పదకొండో భాగం)

ఇంతవరకు చదవనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు వెళ్తాను. నా పేరు చాముండేశ్వరి. టెక్సస్‌లో, ప్లేనోకి గంట దూరంలో ఉన్న ఒక చిన్న టెస్టింగ్ ల్యాబ్‌లో ఇంజినీర్ని. పోలీసులు కొత్త ఆయుధం కొనేముందు అది ఎన్ని తూటాలకి ఒకసారి ఆగిపోతుందో, పెట్టే ధరకి తగినదో కాదో మేం పరీక్షించి చెప్తాం. నిరుడు అక్టోబరులో రెడ్‌క్లే కౌంటీ కోసం హెరాన్ అనే పొట్టి రైఫిల్‌ని పరీక్షించాం. పాస్ అని రాశాం. కింద సంతకం నాది.

మూడు వారాల కిందట ఆ కౌంటీ పోలీసు డెప్యూటీ ఇషా, ఆమె పార్ట్‌నర్ మార్కస్ ఒక అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కుతుంటే పై అంతస్తు నుంచి ఒకడు కాల్పులు మొదలుపెట్టాడు. ఇషా చేతిలో హెరాన్ రెండుసార్లు పేలింది. మూడోసారి పేలలేదు. మార్కస్ చనిపోయాడు. తప్పు రైఫిల్‌ది కాదు, పట్టుకున్న మనిషిదని కౌంటీ తేల్చబోతోంది. అందుకు వాళ్ళు చూపిస్తున్న ఆధారం నా రిపోర్టే. ఎందుకంటే, మా పరీక్షలో కాల్చిన పన్నెండు మందిలో ఇషా ఒకతె. ఆమె పేరు పక్కన మూడుచోట్ల నేను 'ఆపరేటర్ తప్పు' అని రాశాను. సోమవారం పదింటికి విచారణ. శనివారం పొద్దున ఆ అమ్మాయి మా ల్యాబ్ గేటు ముందుకు వచ్చి నిలబడింది.

గేటు తీసినా లోపలికి అడుగుపెట్టలేదు. జీన్స్, పాత టీషర్టు, వెనక్కి బిగించి కట్టిన జుట్టు. యూనిఫాంలో చూసినప్పటి కంటే చిన్నగా కనిపించింది.

"నమస్తే ఆంటీ."

వాళ్ళమ్మ విజయశ్రీ గారు నాకు తెలుగు అసోసియేషన్ పిక్నిక్‌లలో పరిచయం. కూతురు ఏం చేస్తోందని అడిగితే "గవర్నమెంట్ జాబ్ అండీ" అని మాట మార్చేసేవారు.

"నీళ్ళు తాగుతావా?" అన్నాను.

"ఆ ఓ ఎందుకు పెట్టారు ఆంటీ? త్రీ టైమ్స్?"

అరవలేదు. అరిచి ఉంటే నాకు కొంత సులువయ్యేది. మా ఫారంలో ఆపరేటర్ అనే మాటకి 'ఓ' అక్షరం వాడతాం. ఆమె చేతిలో ఆ పేజీ జిరాక్స్ ఉంది. మూడు అక్షరాల చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నాలు చుట్టింది.

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పరీక్షలో రైఫిల్ ఆగిన ప్రతిసారీ ఆ తప్పుని ఎవరో ఒకరి మీద వేయాలి. రైఫిల్ మీద వేయొచ్చు, తూటాలుండే మ్యాగజైన్ మీద వేయొచ్చు, కాల్చిన మనిషి మీద వేయొచ్చు. మనిషి మీద వేస్తే అది రైఫిల్ మార్కుల్లోకి రాదు. ఆరువేల తూటాలకి ఆరుసార్ల వరకు ఆగినా పాసే. మాకు మొత్తం ఏడుసార్లు ఆగింది.

"నాలుగు రైఫిల్ మీద వేశాం. నీ మూడూ నీ మీద వేశాం."

"నావి కూడా గన్ మీద వేస్తే సెవెన్."

"ఏడు."

"అంటే ఫెయిల్."

"ఫెయిలే."

ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుంది. "మీరు ఆ గన్ చూశారా ఆంటీ, ఆగినప్పుడు?"



పన్నెండేళ్ళుగా ఈ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. మొన్న ఏప్రిల్‌లో గ్రీన్ కార్డ్ వచ్చేదాకా హెచ్1బి మీదే ఉన్నాను. వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ పట్టుకోకూడదు. చట్టంలో ఏవో కొన్ని మినహాయింపులు ఉన్నా మా ల్యాబ్ వాటి జోలికి పోయేది కాదు. అందుకని నన్ను అద్దానికి ఇవతల కూర్చోబెట్టారు. అవతల కాల్చేవాళ్ళు, లెక్కపెట్టేవాళ్ళు, ఇవతల నేను, నా కంప్యూటర్. పేలిన శబ్దం కూడా నాకు అద్దంలోంచే వినపడేది. రైఫిల్ ఎంత బరువుంటుందని అడిగితే గ్రాములతో సహా చెప్పగలను, మోస్తే ఎలా ఉంటుందో మాత్రం తెలియదు.

"చూడలేదు," అన్నాను. "నాకు షీట్ వస్తుంది. షీట్ చూసి రాశాను."

"ఇప్పుడు చూస్తారా?" అంది ఇషా.

తుపాకులు కాల్చి చూసే రేంజ్ తాళాలు రాయ్ దగ్గర ఉంటాయి. అరవై దాటిన మనిషి, ముప్ఫై ఏళ్ళు పోలీసుగా చేసి మా దగ్గరికి వచ్చాడు. శనివారాలు తుపాకులు శుభ్రం చేస్తూ ఒక్కడే ఉంటాడు. నేను అడిగింది విని నన్నూ ఇషానీ మార్చి మార్చి చూశాడు.

"నీకు పేపర్లు వచ్చాయిగా చామ్?" అన్నాడు. నా పేరు అతనికి అంతవరకే తిరుగుతుంది.

"ఏప్రిల్‌లో వచ్చాయి."

"మరి ఆగస్టు దాకా ఎందుకు ఆగావు?"

అలవాటని చెప్పాను. రాయ్ నవ్వలేదు. ఇషా వైపు తిరిగి, "నువ్వు మాత్రం దేన్నీ ముట్టుకోకు," అన్నాడు. ఆమె రెండు చేతులూ వెనక జేబుల్లో పెట్టుకుని రేకుల షెడ్డు స్తంభానికి ఆనుకుని నిలబడింది. అక్కడున్నంతసేపూ ఆ చేతులు బయటికి తీయలేదు.

బీరువాలోంచి రాయ్ హెరాన్ తీశాడు. దాని గురించి చదివేవాళ్ళకి కాస్త చెప్పాలి. మామూలు రైఫిల్‌లో తూటా పేలే భాగం ట్రిగ్గర్‌కి ముందు ఉంటుంది. ఈ రకంలో అది వెనక్కి, భుజానికీ బుగ్గకీ పక్కకి జరుగుతుంది. బుల్‌పప్ అంటారు. బ్యారెల్ పొడవు తగ్గకుండానే మొత్తం రైఫిల్ పొట్టిదవుతుంది. కారులోంచి దిగేటప్పుడు తలుపుకి తగులుకోదు. ఇరుకు వరండాలో, మెట్ల మలుపులో సులువుగా తిరుగుతుంది. చిక్కల్లా, తూటా పేలాక మిగిలే ఇత్తడి కేసింగ్ కూడా బుగ్గ పక్కనుంచే ఎగురుతుంది. కుడిచేతి వాటం వాళ్ళకి ఇబ్బంది లేదు. ఎడమచేతి వాటం వాళ్ళకి మొహం మీదికే వస్తుంది. హెరాన్ తయారు చేసినవాళ్ళు దీనికో ఉపాయం కనిపెట్టారు. కేసింగ్‌ని పక్కకి విసిరేయకుండా లోపలే ఒక గొట్టంలోకి తోస్తుంది. ఒకదాని వెనక ఒకటి తోసుకుంటూ పోయి బ్యారెల్ కొస దగ్గర కింద రాలతాయి. ఎవరి మొహానికీ తగలదు. మామూలు రైఫిల్‌కి పెట్టే ధరకి రెండింతలు అందుకే పెట్టింది కౌంటీ. వాళ్ళ డెప్యూటీల్లో ఎడమచేతి వాటం వాళ్ళు పందొమ్మిది మంది.

ఇవన్నీ నా రిపోర్టులో రెండో పేజీలో ఉన్నాయి. నేనే రాశాను.

రాయ్ దాన్ని నా చేతుల్లో పెట్టాడు. బరువంతా వెనకే ఉంది, చంకలో పిల్లని ఎత్తుకున్నట్టు ఉంది. "వేలు బయట. నేను చెప్పేదాకా వేలు బయటే," అన్నాడు. చెవులకి మఫ్‌లు, కళ్ళకి అద్దాలు పెట్టాడు.

ఎదురుగా ఉన్న కాగితం మీదికి పది తూటాలు కాల్చాను. పదీ పేలాయి. భుజం అదిరిందే కానీ భయపడినంత లేదు. కేసింగులు బుద్ధిగా ముందువైపు రాలాయి.

"బాగానే ఉంది కదా," అన్నాను. ఆ మాట అనేశాక ఇషా మొహం చూసి సిగ్గుపడ్డాను.

"ఇక్కడ కాదు ఆంటీ," అంది. "విండో దగ్గర."

రేంజ్ చివర దుంగల మధ్య ఇసుక కూరి కట్టిన ఎత్తయిన గోడ ఉంటుంది. దాని పైభాగంలో కిటికీలా ఒక చట్రం, వెనకంతా ఇసుకే. మేడ మీది కిటికీలోంచి కాల్చేవాణ్ణి కింద నుంచి ఎదుర్కోవడం ఎలాగో చూసే చోటు అది. నిరుడు కాల్చిన మగవాళ్ళు అక్కడ నిలబడే కాల్చారు. అందరూ ఆరడుగుల వాళ్ళు. ఇషా ఐదడుగుల రెండంగుళాలు, పైగా దాని ముందున్న పొట్టి గోడ వెనక మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఎందుకు కూర్చున్నావు?"

"కవర్ అక్కడే ఉంది కదా. చిన్న వాల్. అందరూ దాని పైనుంచి షూట్ చేశారు. నేను దాని వెనక కూర్చున్నాను. ట్రైనింగ్‌లో అదే చెప్పారు. కవర్ ఉంటే యూజ్ చేయమని." కిటికీ చట్రం వైపు గడ్డం ఎత్తి, "ఒకటి కాల్చి, చూసి, అప్పుడు ఇంకొకటి. అది కూడా ట్రైనింగే. ఊరికే స్ప్రే చేయకూడదు. పైన ఎవరైనా కిడ్స్ ఉండొచ్చు," అంది.

ఆమె చెప్పినచోటే మోకాళ్ళ మీద కూర్చున్నాను. రైఫిల్ మూతి పైకెత్తాను. ఒకటి కాల్చాను. మనసులో ఒకటి, రెండు, మూడు, నాలుగు లెక్కపెట్టాను. రెండోది కాల్చాను. మూడోసారి వేలు నొక్కాను.

ఏమీ జరగలేదు.

అంతకుముందు పేలిన చప్పుడు కంటే ఆ లేని చప్పుడే నాకు పెద్దగా వినిపించింది. ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో చూద్దామంటే కనపడదు. పనంతా నా బుగ్గ పక్కన, ప్లాస్టిక్ మూత వెనక ఉంది. పన్నెండేళ్ళ నుంచి స్టాపేజీ అనే మాట టైప్ చేస్తున్నాను, వేలల్లో చేసి ఉంటాను. అది ఇలా ఉంటుందని తెలియదు.

"మూతి గోడ వైపే ఉంచు. కదలకు," అని రాయ్ వచ్చి రైఫిల్ అందుకున్నాడు. భుజం మీంచి దించి, మ్యాగజైన్ లాగి, పక్కనున్న చిన్న మూత తెరిచి టార్చి వేశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను పిలిచాడు.

గొట్టం మొదట్లో ఒక కేసింగ్ అడ్డంగా పడి ఉంది. దాన్ని నొక్కుకుని రెండో కేసింగ్ ఇరుక్కుంది. వెనక కొత్త తూటా లోపలికి వెళ్ళే దారి మూసుకుపోయింది. చూస్తూనే అర్థమయింది. మొదటి కేసింగ్ గొట్టంలోకి వెళ్ళింది. వెంటనే ఇంకోటి కాల్చి ఉంటే రెండోది దాన్ని ముందుకి తోసేసేది. నేను ఆగాను. మూతి పైకి ఉంది. గొట్టం ఏటవాలుగా ఉంది. నాలుగు సెకన్లలో అది మెల్లగా వెనక్కి జారింది. జారకుండా ఆపడానికి లోపల గోరంత రెక్క ఒకటి పెట్టారు. అది సగమే మూసుకుంది.

నిలబడి, గబగబా కాల్చే పదకొండు మందికి అది ఎందుకు రాలేదో, జాగ్రత్తగా కూర్చుని, చూసి చూసి కాల్చే ఒక్కదానికే ఎందుకు వచ్చిందో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

"నువ్వు కొత్తదానివి చామ్," అన్నాడు రాయ్. "నీ మీద కూడా ఓ వేయొచ్చు." ఆ తర్వాత తనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు, కీళ్ళు పటపటమన్నాయి. మొదటిసారి ఆగలేదు. రెండోసారి ఆగలేదు. మూడో దఫాలో, రెండో తూటా తర్వాత, ముప్ఫై ఏళ్ళు తుపాకీ మోసినవాడి చేతిలో కూడా ఆగిపోయింది. దించి, మూత తెరిచి, గీకి తీసి మళ్ళీ భుజానికి పెట్టేసరికి నా వాచీలో పదకొండు సెకన్లు.

"మెట్ల మీద ఎంత టైం ఉండింది నీకు?" అని ఇషాని అడిగాడు.

ఆమె ఇంగ్లీషులో కాకుండా నాకు తెలుగులో చెప్పింది. "మార్కస్ నా ముందు ఉంది... ఉన్నాడు. టూ స్టెప్స్ పైన. నేను కవర్ చేస్తాను, నువ్వు వెనక్కి రా అని అరిచాను. నా మీద నమ్మకంతో తిరిగాడు ఆంటీ. వీపు అటు పెట్టాడు."

ఆమె ఏం చెప్పిందని రాయ్ అడగలేదు.

అప్పుడే గేటులోంచి దామోదర్ గారి కారు వచ్చింది. ల్యాబ్ ఆయనదే. ఎవరిదో గృహప్రవేశం నుంచి వస్తున్నట్టున్నారు. పట్టు చొక్కా, నుదుటి మీద కుంకుమ, చేతిలో స్టీలు డబ్బా. రేంజ్‌లో ఎవరు కాల్చినా ఆయన ఫోన్‌కి మెసేజ్ వెళ్తుంది. ఆ సంగతి నాకు తెలుసు, మర్చిపోయాను.

ఆయన ముందు ఇషాని చూశారు. తర్వాత నేల మీది కేసింగుల్ని. "ఆఫీసులోకి రా అమ్మాయ్," అన్నారు నాతో.

లోపల డబ్బా బల్ల మీద పెట్టి, "పులిహోర. తిన్నావా పొద్దున్నుంచీ?" అన్నారు.

"సార్, అది ఆపరేటర్ తప్పు కాదు."

"తెలుసు."

నేను ఆయన మొహంలోకి చూశాను. ఆయన నా వైపు చూడలేదు. "ఇప్పుడు తెలుసు. నిరుడు తెలియదు. నిరుడు అనుమానం మాత్రం వచ్చింది. అనుమానానికి గడి లేదు కదా ఫారంలో."

"మనమే పెట్టొచ్చుగా సార్ ఆ గడి."

"పెట్టి? పన్నెండు మందిలో ఒక్కరికి, ఒక్కచోట వచ్చినదాని కోసం రైఫిల్ మొత్తాన్ని ఫెయిల్ చేయాలా? ఏ రైఫిల్ ఆగదు చెప్పు. పాత పొడుగు రైఫిలు కారు తలుపులో ఇరుక్కుని రెండేళ్ళ కింద ఇంకో డెప్యూటీ పోయాడు. వాడికి ఎవరు లెక్క రాశారు? పొట్టిది వచ్చాక అలాంటిది జరగలేదు. విలువ కట్టేటప్పుడు అది కూడా వేసి చూడాలి కదా. ఒకచోట ఆగుతుంది, పదిచోట్ల కాపాడుతుంది. ఏది వదులుకుంటావు?"

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అదే కష్టం. "వదులుకోమనడం లేదు సార్. ఆగేచోటు ఏదో చెప్పి ఇవ్వాల్సింది. మూతి పైకెత్తి ఆగి ఆగి కాల్చకండని ఒక్క లైను రాసుంటే ఆ అమ్మాయికి తెలిసేది. ఆ కౌంటీ కార్లలో ఇవాళ రెండువందల పన్నెండు ఉన్నాయి."

"కంపెనీ వాళ్ళతో నేను మాట్లాడతాను. రెక్క మార్పిస్తాను. టైం పడుతుంది, అయినా మార్పిస్తాను. నువ్వు మాత్రం సోమవారం అక్కడికి పోకు."

"ఎందుకు సార్?"

ఆయన సొరుగు తీసి నా రిపోర్టు ఆఖరి పేజీ బల్ల మీద పెట్టారు. నా సంతకం పైన, సన్నటి అక్షరాల్లో అచ్చయిన వాక్యం మీద వేలు పెట్టారు. చదవమన్నారు. పన్నెండేళ్ళలో దాన్ని ఒక్కసారి కూడా పూర్తిగా చదవలేదు. ఆగిన ప్రతిసారీ ఆయుధాన్ని స్వయంగా చేతిలోకి తీసుకుని పరిశీలించిన తర్వాతే కారణాన్ని నిర్ణయించానని అందులో ఉంది.

"నిరుడు అక్టోబరులో నీ స్టేటస్ ఏంటి?"

జవాబు కూడా ఆయనే చెప్పారు.

"హెచ్1బి. చేతిలోకి తీసుకున్నానంటే నేరం. తీసుకోలేదంటే ఈ సంతకం అబద్ధం. రెండిట్లో ఏది చెప్తావు లాయరుకి?"

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. స్కాలర్‌షిప్ ఫారంలో ఒక్క గడి ఖాళీగా వదిలితే మండల ఆఫీసు నుంచి తిరిగొచ్చేది, ఆ నెల మెస్ బిల్లు కట్టలేకపోయేదాన్ని. అందుకని ఎక్కడ సంతకం అంటే అక్కడ పెట్టడం, ఏ గడీ ఖాళీగా వదలకపోవడం నాకు చదువుతో పాటే వచ్చింది. పైన ఏం రాసి ఉందో చూడాలని ఎవరూ చెప్పలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు.

"ఆ ఫారం ఇక్కడివాళ్ళ కోసం రాసింది అమ్మాయ్," అన్నారు దామోదర్ గారు, గొంతు తగ్గించి. "నీకంటే ముందు ముగ్గురు మనవాళ్ళు ఇదే సంతకం పెట్టారు. నేను కూడా చూసుకోలేదు. చూసుకున్నా ఏం చేసేవాణ్ణో తెలియదు. ఇంకో సంగతి. ఆ అమ్మాయి నిన్ను ఆంటీ అంటుంది. వాళ్ళమ్మతో నువ్వు దిగిన ఫోటోలు ఫేస్‌బుక్‌లో ఉన్నాయి. మనిషి చచ్చిపోయాక, విచారణకి రెండ్రోజుల ముందు, ఒక తెలుగావిడ ఇంకో తెలుగమ్మాయి కోసం రిపోర్టు మార్చింది అంటారు. నీకు దెబ్బ, నాకు దెబ్బ, ఆ పిల్లకి మాత్రం పైసా ఉపయోగం లేదు. అబద్ధం సంతకం పెట్టినామె సాక్ష్యం ఎవరు నమ్ముతారు?"

ఇంకో కాగితం మీద తన పెన్ను పెట్టి ముందుకి జరిపారు. మళ్ళీ పరిశీలించామనీ, పాత నిర్ణయంలో మార్పు లేదనీ రెండే లైన్లు. కింద గీత. నా పేరు అప్పటికే టైపు చేసి ఉంది.

"ఇది సోమవారం పొద్దునకి వాళ్ళకి చేరాలి. నీ గ్రీన్ కార్డ్ పిటిషన్ మీద నేను సంతకం పెట్టినప్పుడు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, గుర్తుందా?"

"గుర్తుంది సార్. జీవితాంతం గుర్తుంటుంది."

"అయితే ఆలోచించు. నేను బయట ఉంటాను." లేచారు. తలుపు దగ్గర ఆగి, "తినమ్మా, చల్లారిపోతుంది," అన్నారు.

ఆయన పెట్టిన కాగితం పక్కకి జరిపి, ఈమెయిల్ తెరిచాను. నా రిపోర్టు గురించి అడుగుతూ విచారణ బృందం ఇదివరకు పంపిన ఉత్తరం కిందే జవాబు రాశాను. ఇంగ్లీషులో రాసినా ఒక్క అలంకారం లేకుండా రాశాను. ఒకటి, ఇవాళ పొద్దున నా చేతిలోనూ మా రేంజ్ ఆఫీసర్ రాయ్ చేతిలోనూ హెరాన్ ఆగిపోయింది, ఏ కోణంలో, ఎలా అన్నది ఇది. రెండు, డెప్యూటీ ఇషా పేరు మీద వేసిన మూడు తప్పులూ ఆమెవి కావు. మూడు, నిరుడు నేను ఆ రైఫిల్‌ని తాకలేదు, చూడలేదు, చూశానన్న వాక్యం కింద సంతకం పెట్టాను. అది అబద్ధం. ఇకనుంచి నా కళ్ళతో చూసిందే చెప్తాను.

మూడోది రాయడానికి మిగతా రెండింటికి పట్టినంత టైం పట్టింది. పంపేశాను.

ఇషా తలుపు దగ్గరికి వచ్చి నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో చూసుకోలేదు.

"పంపించారా?"

"పంపాను."

"ఎవరికి?"

"విచారణ వాళ్ళకే."

ఆమె మొహంలో సంతోషం కనపడుతుందనుకున్నాను. కనపడలేదు. రెండు చేతులతో తల పట్టుకుని కుర్చీలో కూలబడింది. "ఓ గాడ్. మీరు ఎల్లుండి అక్కడికి వచ్చి చెప్తారు అనుకున్నాను. ఇవాళ రాస్తారు అనుకోలేదు. ఆంటీ, నేను ఇక్కడ ఉండకూడదు."

"అంటే?"

"ఆర్డర్ ఉంది. లీవ్ మీద పెట్టినప్పుడు ఇచ్చారు. కేసుతో కనెక్షన్ ఉన్న ఎవరితోనూ మాట్లాడకూడదు, కలవకూడదు. కలిస్తే జాబ్ పోతుంది. హియరింగ్ కూడా ఉండదు. డైరెక్ట్‌గా నా తప్పే అని క్లోజ్ చేస్తారు."

"ముందే చెప్పొచ్చు కదమ్మా."

"చెప్తే గేటు తీసేవారు కాదు."

నిజమే. తీసేదాన్ని కాదు. ఆర్డర్ అని ఉంటే, కింద సంతకం ఉంటే, అక్షరం పొల్లుపోకుండా పాటించే మనిషిని నేను.

"నా పేరు రాశారా అందులో? ఇవాళ వచ్చానని?"

"లేదు. నేనూ రాయ్ కాల్చామని రాశాను."

"ఓకే. ఓకే. దెన్ ఎవరికీ తెలీదు."

కిటికీలోంచి చూశాను. దామోదర్ గారు కారులో కూర్చుని ఉన్నారు. ఏసీ కోసం ఇంజిన్ ఆన్‌లో ఉంది. ఆయన మా కిటికీ వైపే చూస్తున్నారు.

ఈమెయిల్ వెళ్ళి పది నిమిషాలు కూడా కాలేదు. బల్ల మీది ఫోన్ మోగింది. కౌంటీ నంబరు. ఎత్తాను. ఆడ గొంతు, తొందర లేని గొంతు. విచారణ బృందం లాయర్నని చెప్పింది. నా ఉత్తరం రెండుసార్లు చదివానంది. ఈ సంభాషణ రికార్డవుతోందంది. రైఫిల్‌నీ కేసింగుల్నీ ఎవర్నీ ముట్టుకోనివ్వొద్దనీ, గంటలో మనిషిని పంపిస్తున్నాననీ చెప్పింది. మీరు రాసింది నిజమని తేలితే సోమవారం విచారణ దారి మొత్తం మారుతుందంది.

"ఒక చిన్న విషయం," అంది. "ఫార్మాలిటీ అనుకోండి. ఇవాళ మీరు పరీక్ష చేసేటప్పుడు మీరూ, రేంజ్ ఆఫీసరూ కాకుండా ఇంకెవరైనా ఉన్నారా?"

నేను ఇషా వైపు చూశాను. ప్రశ్న ఆమెకీ వినపడింది. తల అడ్డంగా ఊపింది. ఒకసారి కాదు, ఆపకుండా ఊపుతూనే ఉంది. పెదవులు కదులుతున్నాయి, మాట బయటికి రావడం లేదు. లేరని ఒక్క మాట అంటే ఆమె ఉద్యోగం నిలుస్తుంది, మార్కస్ చావు ఆమె మెడకి చుట్టుకోదు. కానీ కిటికీ అవతల అంతా చూసిన మనిషి ఉన్నాడు, నేను సంతకం పెట్టని కాగితం మీద ఆయన పెన్ను ఇంకా అలాగే ఉంది. ఇషా ఇక్కడే ఉందని చెప్తే, ఆమెని కాపాడడానికి నేను పంపిన ఉత్తరమే ఆమెని ముంచుతుంది.

కారు తలుపు తెరుచుకుంది. దామోదర్ గారు దిగి ఆఫీసు వైపు నడిచి వస్తున్నారు.

"మిస్ చాముండేశ్వరీ, లైన్లో ఉన్నారా?" అంది ఆ గొంతు. "ఆ గదిలో ఇప్పుడు మీతో ఎవరున్నారు?"